బొగ్గు చల్లితే సీసం పోదు

బయోచార్ మీద నాకు కోపమేమీ లేదు. ఊకనో, కంపనో, పత్తి కట్టెనో గాలి సరిగా తగలకుండా కాల్చి బొగ్గు చేసి పొలంలో కలపడం మంచి పనే. తేమ నిలుస్తుంది, వేసిన ఎరువు కొట్టుకుపోదు, కార్బన్ చాలాకాలం నేలలోనే ఉండిపోతుంది. నా పేచీ అంతా ఒక్క దగ్గరే. సీసం, కాడ్మియం లాంటి భార లోహాలు చేరిన నేలలో బయోచార్ కలిపితే ఆ నేల బాగుపడిపోతుందనీ, ఇక ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదనీ చెప్పడం నాకు నచ్చదు. అలా నమ్మే మా బావ ఒక కాగితం మీద సంతకం పెట్టబోయాడు. దాన్ని ఆపే ప్రయత్నంలో చదివినవీ, చేసి చూసినవీ, నాలో నేను వాదించుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

బావ పొలం నెల్లూరు జిల్లా కోవూరు వైపు, కాలువ కింద. సోమశిల రిజర్వాయర్‌లో నీళ్లుంటే ఎడగారు, అంటే రెండో పంట, కూడా పండుతుంది. గట్టుకి అవతల ఒక షెడ్డులో కొన్నేళ్లపాటు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించారు. రాత్రిళ్లు పొగ, పగలు యాసిడ్ వాసన. ఊళ్లో గొడవయ్యాక షెడ్డు మూతపడింది. గోడలు, కొలిమి గుంత, పగిలిన నల్ల ప్లాస్టిక్ పెట్టెల ముక్కలు మిగిలాయి. మట్టి తీసి చెన్నైలో పరీక్ష చేయిస్తే షెడ్డు పక్క మడిలో సీసం మామూలుగా ఉండేదానికి ఎన్నో రెట్లు ఉందని తేలింది. ఆ రిపోర్టు పట్టుకుని అడిగితే వాళ్ల తరఫున ఒక పెద్దమనిషి మధ్యవర్తిగా వచ్చాడు. లారీల్లో బయోచార్ తెప్పించి, వాళ్ల ఖర్చుతోనే దున్నించి కలుపుతారట. బదులుగా బావ ఒక కాగితం రాసివ్వాలి. నా పొలం బాగుచేశారు, ఇకమీదట నాకే అభ్యంతరమూ లేదు అని.

"ఊరికే ఇస్తామంటా ఉంటే వద్దనేదేంది సార్?" అన్నాడు బావ ఫోన్లో. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి నన్ను ఏడిపించాలనిపించినప్పుడు సార్ అంటాడు. అక్క ఫోన్ లాక్కుని, "అయ్యన్నీ వద్దు, ఆ మడి బియ్యం మనం తినొచ్చా లేదా, అది చెప్పు" అంది.

అక్క అడిగినదానికి జవాబు చెప్పడానికే నాకు ఎక్కువ కష్టమైంది. దాని దగ్గరకి వస్తాను.

ల్యాబ్‌లో చేసి చూస్తే

ముందు నా కళ్లతో చూద్దామని ఒక రైస్ మిల్లు నుంచి సంచెడు ఊక బొగ్గు తెప్పించాను. ఉప్పుడు బియ్యం మిల్లులకి బాయిలర్‌లో మంటకి ఊకే దిక్కు. కాలగా మిగిలినదాన్ని మిల్లు వెనక కుప్ప పోస్తారు. గాలి తిరిగితే బైక్ మీద పోయేవాళ్ల కళ్లలో పడేది అదే. సంచి విప్పి పేపర్ మీద పరిస్తే రెండు రకాలు కనిపించాయి. ఒకటి ఊక ఆకారం చెడకుండా నల్లగా ఉంది, వేళ్ల మధ్య నలిపితే కరకరలాడింది. ఇంకోటి తెల్లబోయిన బూడిద, ముట్టుకుంటే పిండైపోయింది. మొదటిది బొగ్గు. రెండోదాంట్లో కార్బన్ అంతా కాలిపోయి దాదాపు సిలికాయే మిగిలింది. రెండూ కలిపి ఒకే పేరుతో సంచికెత్తితే కొనేవాడికి తెలిసే దారి లేదు.

నల్లదాన్ని జల్లెడ పట్టి డిస్టిల్డ్ వాటర్‌లో వేసి పీహెచ్ కాగితం ముంచాను. ఆకుపచ్చ దాటి నీలానికి తిరిగింది. క్షారమన్నమాట. బయోచార్ చేసే పనిలో పెద్ద వాటా దీనిదే.

తర్వాత ఇంటర్ పిల్లలకి తెలిసిన పరీక్షే. లెడ్ నైట్రేట్ నీళ్లలో పొటాషియం అయొడైడ్ చుక్క వేస్తే చామంతి పువ్వంత పచ్చగా విరుగుతుంది. నీళ్లలో సీసం ఉందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అదే నీళ్లలో ఊక బొగ్గు వేసి, బాగా కలిపి, కొంతసేపు ఉంచి వడకట్టాం. వడకట్టిన నీళ్లలో అయొడైడ్ వేస్తే ఏమీ రాలేదు. తేటగానే ఉన్నాయి. "సీసం పోయింది సార్!" అని మా ల్యాబ్‌లో పిల్లలు ఒకటే సంబరం. పోయి ఎక్కడికెళ్లిందని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. వడపోత కాగితం మీద మిగిలిన నల్ల ముద్ద మీద కొద్దికొద్దిగా వెనిగర్ పోసి, కింద దిగినదాన్ని పట్టి, మళ్లీ అయొడైడ్ వేశాం. మళ్లీ అదే పచ్చదనం.

ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. బయోచార్ మీద రాసినవాళ్లంతా చెప్పేదే ఇది. సీసం లాంటి లోహాన్ని అది మూడు దారుల్లో పట్టుకుంటుంది. దాని క్షారగుణం వల్ల లోహం కార్బొనేటుగానో హైడ్రాక్సైడుగానో మారి నీళ్లలో కరగకుండా కూర్చుంటుంది. బొగ్గు ఉపరితలం మీదుండే ఆక్సిజన్ గుంపులు కాల్షియాన్నో పొటాషియాన్నో వదిలి దాని చోట లోహాన్ని పట్టుకుంటాయి. బొగ్గులో ఫాస్ఫరస్ బాగా ఉంటే, అంటే పేడ, కోళ్ల ఎరువు, ఎముకల లాంటివాటితో చేసినదైతే, సీసం పైరోమార్ఫైట్ అనే ఖనిజంగా మారుతుంది. ఇది చాలా మొండిది, మామూలు ఆమ్లాలకి అంత సులభంగా లొంగదు. మొదటి దారి అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే బలహీనం కూడా. ఊక బొగ్గులో ఫాస్ఫరస్ తక్కువ కాబట్టి అది ఎక్కువగా మొదటి రెండు దారుల మీదే ఆధారపడుతుంది. వెనిగర్‌కి తల వంచింది అందుకే.

బొగ్గు తాలూకు కార్బన్ వందల ఏళ్లు నేలలో ఉంటుందనేది నిజం. కానీ దాంతోపాటు వచ్చిన క్షారం అన్నాళ్లు ఉండదు. వానకి కొంత, కాలువ నీళ్లకి కొంత కడుక్కుపోతుంది. ఏటేటా వేసే యూరియా, అమ్మోనియం సల్ఫేట్ నేలని మెల్లగా ఆమ్లం వైపు నెడతాయి. వేర్లు కూడా ఆమ్లాలు విడుస్తాయి. మరోపక్క బొగ్గు పాతబడేకొద్దీ దాని ఉపరితలం మీద ఆక్సిజన్ గుంపులు పెరిగి రెండో దారి ఇంకాస్త బలపడుతుంది కూడా. ఏ పొలంలో ఏది గెలుస్తుందో ముందే చెప్పలేం, చూస్తూ ఉండాల్సిందే. నేలలో మొత్తం సీసం మాత్రం మొదటి రోజు ఎంతుందో ఇరవయ్యేళ్ల తర్వాతా అంతే ఉంటుంది.

(ఆ ప్రయోగంలో మిగిలిన సీసపు నీళ్లు లేబుల్ అంటించి మా ల్యాబ్ బీరువాలో పెట్టాను. ఎక్కడ పారబోయాలో కాలేజీలో ఎవరికీ తెలియదు. గుక్కెడు నీళ్లకే మా గతి ఇలా ఉంది.)

అక్క అడిగిన ప్రశ్న

వరి మొక్క సీసాన్ని చాలావరకు వేర్ల దగ్గరే ఆపేస్తుంది. గింజ దాకా వచ్చేది తక్కువ. గింజలోకి సులువుగా ఎక్కేది కాడ్మియం. జపాన్‌లో జింజూ నది కింద ఎముకలు విరిగి జనం 'ఇతాయ్ ఇతాయ్' అని ఏడ్చింది కాడ్మియం బియ్యం తినే. కాబట్టి బ్యాటరీ షెడ్డు పక్క మడిలో బియ్యం గురించి భయపడాల్సింది కొంతే. బియ్యంలో సీసం కిలోకి 0.2 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో కాడ్మియం 0.4 మిల్లీగ్రాములు మించకూడదని కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) ప్రమాణం. ఆ మడి వడ్లు విడిగా కోయించి, ఆడించి, బియ్యాన్ని పరీక్షకి పంపితే అక్కకి జవాబు వస్తుంది. మట్టిలో మొత్తం ఎంతుందన్న లెక్కతో ఆ జవాబు రాదు.

అక్క అడగనిది ఇంకోటి ఉంది, నా భయం అంతా దాని గురించే. సీసం మనిషి ఒంట్లోకి ఎక్కువగా పోయేది దుమ్ములో. కోతలైపోయి మళ్లు ఎండాక పిల్లలు అక్కడే వికెట్లు పాతుతారు. ఎండాకాలం సెలవులంతా ఆ దుమ్ములోనే. గట్టు మీద అక్క వేసిన తోటకూర, గోంగూర ఆకుల మీదా ఆ దుమ్మే. 2007 చివర, 2008 మొదట్లో సెనెగల్ రాజధాని డాకర్ శివార్లలో థియారోయ్ సుర్ మేర్ అనే చోట పాత బ్యాటరీల మట్టి జల్లించి సీసం ఏరుకున్న వీధుల్లో 18 మంది పిల్లలు చనిపోయారు. 2020లో యూనిసెఫ్ వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 80 కోట్ల దాకా పిల్లల రక్తంలో డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు, ఆ పైన సీసం ఉంది. ఇంతవరకైతే పరవాలేదు అనే గీత సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇప్పుడు బయోచార్ కలిపిన మట్టి ఒక పిల్లవాడి చేతికంటి కడుపులోకి పోయిందనుకోండి. కడుపులో ఆమ్లం వెనిగర్ కంటే ఘాటు. పొలంలో కరగకుండా కూర్చున్న కార్బొనేటు అక్కడ హాయిగా కరుగుతుంది. పైరోమార్ఫైట్‌గా మారినంత మేరకే కొంత ఊరట. అందుకే మధ్యవర్తి చూపించబోయే పరీక్ష ఏదో ముందే అడగమన్నాను బావని. మొక్కకి ఎంత అందుతుందో చూసే పరీక్ష వేరు, కడుపులో ఎంత కరుగుతుందో చూసే పరీక్ష వేరు. మొదటిదాంట్లో పాసైన మట్టి రెండోదాంట్లో ఫెయిలవ్వచ్చు.

2020 డిసెంబర్‌లో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పినప్పుడు, రాష్ట్రమంతా ఆ పేర్లే జపించింది. కొన్ని వారాలకే మర్చిపోయాం. పడిపోతే తప్ప మనకి విషం అనిపించదు. మెల్లగా చదువులో వెనకబడే పిల్లవాణ్ణి చూసి మట్టిని ఎవరూ అనుమానించరు.

చైనా నేల వేరు, రేగడి వేరు

బయోచార్ పక్షాన గట్టి వాదనే ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయడం నా ఉద్దేశం కాదు. 2013లో హునాన్ బియ్యంలో కాడ్మియం బయటపడి చైనాలో పెద్ద గగ్గోలైంది. మరుసటి ఏడాది 2014లో వాళ్ల ప్రభుత్వమే తమ సాగు నేలల నమూనాల్లో 19.4 శాతం హద్దు దాటాయని ఒప్పుకుంది. అన్ని లక్షల ఎకరాల మట్టి ఎత్తి ఎక్కడ పోస్తారు? అందుకే అక్కడి శాస్త్రవేత్తలు సున్నం, ఫాస్ఫేట్, బయోచార్ లాంటివాటి మీద పడ్డారు. మొక్కకి అందే కాడ్మియం, సీసం బాగా తగ్గాయని తేలిన ప్రయోగాలు బోలెడు.

కానీ వాటిలో చాలావరకు దక్షిణ చైనాలోని ఆమ్ల నేలల మీద చేసినవి. ఆమ్ల నేలలో క్షారం వేస్తే లోహం ఠక్కున కదలడం మానేస్తుంది. ప్రకాశం జిల్లా నల్లరేగడి చూడండి, పీహెచ్ ఎనిమిది పైనే, సున్నపు గులకలు పారకి తగులుతుంటాయి. అక్కడ సీసం, కాడ్మియం ముందే సగం నిద్రలో ఉంటాయి. ఇంకో గంపెడు క్షారం వేసి సాధించేది కొంచెమే. ఉదయగిరి వైపు ఎర్ర ఇసుక నేలల్లో అయితే తేడా ఎక్కువ కనిపించొచ్చు.

బావ మడి సంగతికొస్తే నా వాదన నాకే కొంచెం ఎదురు తిరిగింది. బ్యాటరీల్లో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్. షెడ్డు పక్కన అది కారి కారి అక్కడి మట్టి ఆమ్లంగా మారింది. అంటే బయోచార్ బాగా పనిచేసేది సరిగ్గా అలాంటి చోటే. ఈ మాట బావకి చెప్పాను. "మరింకేంది!" అన్నాడు.

ఇంకేందంటే, బ్యాటరీ పలకల్లో ఉండేది ఒట్టి సీసం కాదు. గట్టిదనం కోసం యాంటిమొనీ, కాస్త ఆర్సెనిక్ కలుపుతారు. సీసం, కాడ్మియం, రాగి, జింక్ నేలలో ధనావేశంతో తిరుగుతాయి, బొగ్గు వాటిని పట్టుకుంటుంది. ఆర్సెనిక్, యాంటిమొనీ ఆక్సిజన్‌తో కలిసి ఎక్కువగా రుణావేశంతో తిరుగుతాయి. వాటికి క్షారం పెరిగితే పట్టు సడలుతుంది. సీసాన్ని కట్టేస్తుందని మెచ్చుకున్న ఫాస్ఫేటే ఆర్సెనిక్‌ని దాని చోటు నుంచి తోసేస్తుంది. ఇక వరి మడిలో నీళ్లు నిలబెడితే ఆర్సెనిక్ లేస్తుంది, కాడ్మియం అణుగుతుంది. ఆరబెడితే కాడ్మియం లేస్తుంది, ఆర్సెనిక్ అణుగుతుంది. ఇందులో ఊక బొగ్గుకి ఒక మంచి గుణం ఉంది. దాని సిలికా వరికి అందితే మొక్క ఆర్సెనిక్‌ని తక్కువ పీలుస్తుంది, ఎందుకంటే నీళ్ల మడిలో ఉండే రకం ఆర్సెనిక్ వేరులోకి వచ్చేది సిలికా వచ్చే దారిలోనే. ఇన్ని మెలికలున్నప్పుడు ఒట్టి సీసం అంకె ఒక్కటే చూపించి పని అయిపోయిందంటే ఎట్లా కుదురుతుంది?

మన కనిగిరి ఫ్లోరైడ్‌కి కూడా బయోచార్ మందేనని ఈ మధ్య ఒకాయన నాతో అన్నాడు. ఫ్లోరైడ్ కూడా రుణావేశమే, మామూలు ఊక బొగ్గుకి దాని మీద పట్టు లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి ఎముకల బొగ్గు వాడే పద్ధతి ఉంది, అది వేరే సరుకు.

ఇంకో చిక్కు రైతుకి వెంటనే తగిలేది. జింక్, కాడ్మియం ఒకే కుటుంబం. బొగ్గు కాడ్మియాన్ని పట్టుకుని జింక్‌ని వదిలిపెట్టదు. అసలే మన వరి మళ్లలో జింక్ లోపం, ఆకు మీద తుప్పు మచ్చలు మామూలే. అట్లాగే బ్యూటాక్లోర్ లాంటి కలుపు మందుల్ని కూడా బొగ్గు పీల్చేసుకుంటుంది. మందు కొట్టినా కలుపు లేచిందంటే షాపువాణ్ణి తిట్టి లాభం లేదు.

వంద ఎకరాల ఊక

లారీల్లో తెస్తామన్నాడు కదా, ఎన్ని లారీలో చూద్దామని లెక్క వేశాను. ఎకరా నేలలో పైన ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. ప్రయోగాల్లో మామూలుగా వాడే మోతాదు మట్టి బరువులో 1 నుంచి 5 శాతం. 2 శాతమే అనుకుందాం. ఎకరాకి 18 టన్నుల బొగ్గు.

మనవైపు ఎకరాకి మూడు పుట్లు పండాయనుకోండి. పుట్టి 850 కిలోలు కాబట్టి 2,550 కిలోల వడ్లు. అందులో ఐదో వంతు ఊక, 510 కిలోలు. కాలిస్తే అందులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ బొగ్గుగా మిగులుతుంది, 180 కిలోలకి అటూఇటూ. అంటే ఒక్క ఎకరాకి కావలసిన బొగ్గుకి వంద ఎకరాల పంట ఊక కావాలి. షెడ్డు పక్క మడికైతే దొరుకుతుంది. జిల్లాలో పాడైన నేలంతా ఇట్లాగే బాగుచేస్తామని ఎవరైనా వేదిక మీద చెబితే ఈ లెక్క అడగండి. పైగా ఊకకి ఇటుక బట్టీలు, బాయిలర్లు ముందే పోటీలో ఉన్నాయి.

ఊక చాలకపోతే ఏది దొరికితే అది కాలుస్తారు. మన దగ్గర సర్కారు తుమ్మకి కొదవలేదు, బొగ్గుల బట్టీలకి అలవాటైన పనే. దాంతో నాకు పెద్ద ఇబ్బంది లేదు, సరిగా కాలితే మంచి బొగ్గే. మట్టి కప్పిన బట్టీలో ఒక చోట ఎర్రగా కాలి ఒక చోట పొగచూరి వదిలేస్తే మాత్రం తారు లాంటి పదార్థాలు అంటుకుని ఉంటాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. నాకు అనుమానం పొగాకు మోళ్ల మీద. కందుకూరు, కొండపి, టంగుటూరు వైపు రెలుపులు (పొగాకు ఆకు కోతలు) అయిపోయాక చేలల్లో మోళ్లు గుట్టలుగా దొరుకుతాయి, అవి కూడా బయోచార్‌కి పనికొస్తాయంటున్నారు. నేలలో కాడ్మియం ఉంటే దాన్ని లాగేసే మొక్కల్లో పొగాకు ముందుంటుంది. సిగరెట్ తాగేవాళ్ల ఒంట్లో కాడ్మియం ఎక్కువ ఉండేది అందుకే. ఎక్కువ ఆకులోకే పోతుంది గానీ మోడులో అసలుండదని కాదు. మంచి నేలలో పెరిగిన మోళ్లయితే పరవాలేదు. ఎక్కడివో తెలియని మోళ్లు కాల్చి, లోహాలున్న నేలకి మందుగా తెస్తే అక్కడి కాడ్మియాన్ని ఇక్కడికి మోసుకొచ్చినట్టే. లారీలో వచ్చేది ఏంటో, ఎక్కడ కాల్చారో, అందులో లోహాలు ఎంతున్నాయో చెప్పే కాగితం లేకుండా దింపుకోవద్దన్నాను.

ఇంకో సంగతి కూడా గమనించాలి. బయోచార్ నేలలో వేస్తే కార్బన్ క్రెడిట్లు, అంటే గాలిలోకి పోకుండా ఆపిన కార్బన్‌కి లెక్కగట్టి అమ్ముకునే పత్రాలు, వస్తాయి. 2019 నుంచీ వాటికి మార్కెట్ ఉంది. తప్పేం కాదు. కానీ బొగ్గు దింపుకునే నేల దొరకడమే ఒక గిరాకీ అయినప్పుడు, అమ్మేవాడికి మన నేల మంచిచెడ్డలు రెండో విషయం అయిపోతాయి.

ఎన్నాళ్లు చూస్తారు, ఎవరు చూస్తారు

బావ దగ్గర సాయిల్ హెల్త్ కార్డు ఉంది. అందులో 12 అంశాలు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, పీహెచ్, ఈసీ (లవణాల కొలత), సేంద్రియ కర్బనం. సీసం లేదు, కాడ్మియం లేదు, ఆర్సెనిక్ లేదు. నవ్వొచ్చే విషయమేంటంటే, జింక్ లోపం చూడటానికి ల్యాబుల్లో వాడే డీటీపీఏ ద్రావణంతోనే మొక్కకి అందే సీసం, కాడ్మియం కూడా బయటికి తీసి కొలుస్తారు. తీసిన ద్రావణం అదే, చూడాల్సిన మూలకాలు ఇంకో రెండు. కొలిచే మెషిన్ ఉన్న ల్యాబులకి ఇది కొండలు మోసే పని కాదు. ఫ్యాక్టరీల పక్క ఊళ్లకైనా ఆ రెండు గళ్లు కార్డులో చేర్చాలని ఎవరూ గట్టిగా అడగలేదు, అంతే.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల మీద ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల్ని గుర్తించడం, పరీక్షించడం, కలుషితం చేసినవాడి చేతే బాగుచేయించే ఖర్చు పెట్టించడం అందులో ఉన్నాయి. బావ మడి లాంటివి ఆ జాబితాలోకి ఎక్కాలంటే ముందు ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి. నాకు ఏ అభ్యంతరమూ లేదని రైతే రాసిచ్చేస్తే, ఆ తర్వాత వచ్చే అధికారికి ఆ ముక్క చాలు ఫైలు మూయడానికి.

జింజూ కింద రైతులు ఏం చేశారో చదివాక నాకు దారి కనిపించింది. నదిలోకి కాడ్మియం వదిలిన గని కంపెనీ మీద 1972లో కోర్టులో గెలిచాక వాళ్లు డబ్బుతో ఆగలేదు. గనిలోకి తాము ఎప్పుడైనా వెళ్లి తనిఖీ చేసుకునే హక్కు, దానికయ్యే ఖర్చు కంపెనీదే అనే ఒప్పందం రాయించుకున్నారు. 860 హెక్టార్ల పైచిలుకు పొలాల మట్టి మార్చే పని 2012 దాకా సాగింది. మన దగ్గర మట్టి మార్చడం అయ్యే పని కాదు. ఒక్క ఎకరాకే 900 టన్నులు ఎత్తాలి, ఎత్తి ఇంకొకరి ఊరి పక్కన పోయాలి. బయోచార్‌కి నేను సరేనన్నది అందుకే. జపాన్ రైతుల దగ్గర తీసుకోవాల్సింది తనిఖీ హక్కు.

కాబట్టి మధ్యవర్తి తెచ్చిన కాగితం బదులు మేం ఇంకోటి రాశాం. బయోచార్ వేయడానికి అభ్యంతరం లేదు. వేసే ముందు, వేశాక ప్రతి పంటకీ పొలంలో మట్టినీ, ఆ మడి బియ్యాన్నీ ఇద్దరికీ ఇష్టమైన ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. సీసంతో పాటు కాడ్మియం, ఆర్సెనిక్, యాంటిమొనీ చూడాలి. పదేళ్ల పాటు ఖర్చు షెడ్డు వాళ్లది. అంకెలు పెరిగితే మళ్లీ వేయాలి. కొలిమి గుంతలో మట్టి మాత్రం బొగ్గు కలిపి వదిలేయకుండా ఎత్తి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఏ మాటా 'బాగుచేశారు' అని లేదు.

పక్క పొలం పెద్దాయన ఇది చదివి పెదవి విరిచాడు. "నువ్వు పదేళ్లు అంటా ఉండావు. వాడు పది నెలలు కనపడతాడా? ఇచ్చిన కాడికి ఏయించుకోనీయ్ నాయనా" అన్నాడు. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. తెగేదాకా లాగితే ఆ బొగ్గు కూడా రాకపోవచ్చు. రాకపోతే ఆమ్లం పట్టిన ఆ మడికి సున్నం, సూపర్ ఫాస్ఫేట్ మనమే వేసుకోవచ్చు, ఆర్సెనిక్ మీద కన్నేసి ఉంచాలి గానీ. సీసం వరకు అది కూడా చాలావరకు పని జరిపిస్తుంది, బొగ్గు కంటే చవక కూడా. లేదంటే ఆ మడి వరకు వరి మాని జామాయిల్ పెట్టుకోవచ్చు, పేపర్ మిల్లుకి పోయే కట్టెలో కాస్త సీసం ఉన్నా ఎవరి కంచంలోకీ రాదు. ఈ రెండు దారులూ ఉన్నాయి కాబట్టే సంతకం పెట్టకుండా బేరమాడే ధైర్యం వచ్చింది. ఏ దారీ లేని రైతుకి నేను ఇదే సలహా ఇస్తానా అంటే తడుముకుంటాను. మధ్యవర్తి కాగితం తీసుకుని వెళ్లాడు, మాట్లాడి చెబుతానన్నాడు. గట్టు మీద తోటకూర మాత్రం అక్క ఆ రోజే పీకేసింది.

నిమ్మ తోటలో అయితే

నేనైతే బయోచార్ ఎక్కడ వేస్తానో చెప్పి ఆపుతాను. పొదలకూరు వైపు ఒక స్నేహితుడికి వాళ్ల నాన్న నాటిన నిమ్మ తోట ఉంది. గజ్జి తెగులుకి కాపర్ ఆక్సీక్లోరైడ్, మొదలు కుళ్లుకి బోర్డో పేస్టు, తరం నుంచీ ఏటా పడుతూనే ఉన్నాయి. చెట్టు మీద పడ్డ రాగి చివరికి పాదులోకే దిగుతుంది, పైన జానెడు మట్టిలోనే పేరుకుంటుంది. యూరప్ ద్రాక్ష తోటల్లో వందేళ్ల బోర్డో మిశ్రమం చేసిన పని ఇదే. వీడి కార్డులో రాగి ఎదురుగా 'సరిపోను ఉంది' అని రాసి ఉంటుంది. ఆ గడి లోపం చూడటానికి పెట్టిందే గానీ ఎక్కువైతే చెప్పడానికి పెట్టింది కాదు. ముసలి చెట్టు తీసిన చోట కొత్త అంటు నాటితే ఏపుగా రావడం లేదంటాడు. దానికి నులిపురుగులు కారణం కావచ్చు, వేరు కుళ్లు కావచ్చు, రాగీ కావచ్చు.

ఇక్కడ బయోచార్‌కి అన్నీ కలిసొస్తాయి. ఎర్ర నేల. బొగ్గు బాగా గట్టిగా పట్టుకునే లోహాల్లో రాగి ఒకటి. తోటంతా చల్లక్కర్లేదు, రెండడుగుల గుంతలో మట్టి సుమారు 300 కిలోలు, 2 శాతం అంటే గుంతకి 6 కిలోలు. కలుషితం చేసిందీ, బాగుచేసుకునేదీ, పండిస్తే తినేదీ ఒకే ఇంటివాళ్లు. ఒకరికొకరు కాగితాలు రాసుకునే పని లేదు. ముందు రాగి ఎంతుందో చూపించుకుని, ఎక్కువుంటే ఒక గుంతకి బొగ్గు వేసి పక్క గుంతకి వేయకుండా వరస పొడుగునా నాటమన్నాను. వేసిన అంటుకి జింక్ స్ప్రే మర్చిపోవద్దన్నాను. అన్నిటికీ సరేనన్నాడు గానీ కాపర్ తగ్గించమంటే మాత్రం వినడం లేదు. మచ్చ పడిన కాయకి యార్డులో సగం రేటు కూడా రాదు, నువ్వు కొంటావా అంటాడు.